హెబ్రాన్ చెక్‌పోస్టులు, స్వచ్ఛంద పరిశీలకులు

వెస్ట్ బ్యాంక్ దక్షిణాన ఉన్న హెబ్రాన్ నగరంలో ఇజ్రాయెల్ సైన్యం నడిపే చెక్‌పోస్టులు చాలా ఉన్నాయి. వాటి దగ్గర నిలబడి వచ్చేపోయేవారి లెక్క, సోదాల తీరు, బడిపిల్లల రాకపోకలు రోజూ చూసి రాసిపెట్టే నిరాయుధులను పరిశీలకులు అంటారు. 1994లో ఇక్కడి ఇబ్రాహీమీ మసీదులో జరిగిన హత్యాకాండ తర్వాత ఈ పని మొదలైంది. ప్రభుత్వాలు పంపిన అధికారిక బృందం, చర్చిల తరఫున వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు, ఇజ్రాయెలీ పౌరులు, చేతికి కెమెరా అందుకున్న స్థానిక పాలస్తీనీలు ఇందులో పాలుపంచుకున్నారు. వీరిలో ఎవరికీ గేటు తెరిపించే అధికారం గానీ, సోదా ఆపించే అధికారం గానీ లేదు. చూడడం, రాయడం, అవసరమైతే ఒక ఫోన్ చేయడం, అంతవరకే. రాసింది ఎవరి చేతికి చేరిందన్న దాన్ని బట్టే వీరి పనికి విలువ పెరుగుతూ తరుగుతూ వచ్చింది.

నగరం, దాని పేర్లు

జెరూసలేంకు దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున్న కొండల్లో హెబ్రాన్ ఉంది. 2017 పాలస్తీనా జనగణన ప్రకారం జనాభా రెండు లక్షలు దాటింది. ద్రాక్షతోటలకు, ఊదిన గాజు సామానుకు, పింగాణీకి, తోలు చెప్పులకు, కట్టడపు రాయికి ఈ ఊరు పేరుమోసింది. పాలస్తీనీల గళ్ల తలగుడ్డ కెఫియ్యాను నేసే హిర్బావీ మిల్లు కూడా ఇక్కడిదే.

బైబిలు చదివే తెలుగువారికి ఇది హెబ్రోనుగా తెలుసు. భార్య శారాను పాతిపెట్టడానికి అబ్రాహాము 400 తులాల వెండి తూచి ఇచ్చి కొన్న మక్పేలా గుహ ఇక్కడే ఉందని యూదుల, క్రైస్తవుల నమ్మకం. ముస్లింలకు ఆయన ఇబ్రాహీం ప్రవక్త, ఖలీలుల్లా, అంటే దేవుడి మిత్రుడు. నగరానికి అల్-ఖలీల్ అనే అరబ్బీ పేరు అలా వచ్చింది. హీబ్రూ పేరు హెవ్రోన్‌కు కూడా స్నేహాన్ని సూచించే ధాతువుతోనే సంబంధం చెబుతారు. గుహ మీద హేరోదు కాలపు పెద్ద రాతి ప్రహరీ ఉంది. అదే కట్టడం ముస్లింలకు ఇబ్రాహీమీ మసీదు, యూదులకు మక్పేలా గుహ.

ఈ ఊళ్లో యూదులు శతాబ్దాలుగా నివసించారు. 1929 అల్లర్లలో 67 మంది యూదులు హతులయ్యారు. చాలామందిని అరబ్బు ఇరుగుపొరుగులే ఇళ్లలో దాచి కాపాడారు. మిగిలినవారిని 1936లో బ్రిటిష్ పాలకులు ఖాళీ చేయించారు. 1948 నుంచి నగరం జోర్డాన్ చేతిలో ఉండి, 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఆక్రమణలోకి వచ్చింది. మరుసటి ఏడాది పస్కా పండుగ పేరుతో రబ్బీ మోషే లెవింగర్ బృందం ఊళ్లోని పార్క్ హోటల్లో దిగి, తిరిగి వెళ్లలేదు. వారికోసమే తర్వాత నగరం అంచున కిర్యాత్ అర్బా అనే సెటిల్‌మెంటు కట్టారు. 1979లో అక్కడి నుంచి కొందరు స్త్రీలు పిల్లలతో సహా నగరం నడిబొడ్డున ఉన్న బైత్ హదస్సా భవనంలో చొరబడ్డారు. 1980 మేలో ఆ భవనం దగ్గర పాలస్తీనీ సాయుధులు ఆరుగురు యూదులను చంపారు. ఆపైన బైత్ హదస్సా, బైత్ రొమానో, అవ్రహాం అవీను, తెల్ రుమైదా అనే నాలుగు చోట్ల సెటిల్‌మెంట్లు స్థిరపడ్డాయి. తెలుగునాట సెటిలర్ అంటే ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి వచ్చి స్థిరపడిన రైతో వ్యాపారో. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. ఆక్రమిత భూమి మీద సైన్యం కాపలాలో ఇళ్లు కట్టుకున్న యూదు పౌరుడు ఈ వ్యాసంలో సెటిలర్.

1994 హత్యాకాండ, నగర విభజన

1994 ఫిబ్రవరి 25 రంజాన్ మాసపు శుక్రవారం. తెల్లవారుజామున ఇబ్రాహీమీ మసీదులో నమాజు చేస్తున్నవారి మీద కిర్యాత్ అర్బాకు చెందిన బరూఖ్ గోల్డ్‌స్టీన్ అనే వైద్యుడు కాల్పులు జరిపాడు. 29 మంది మరణించారు. అక్కడున్నవారు అతణ్ని పట్టుకుని కొట్టి చంపారు. తర్వాత ఇజ్రాయెల్ ప్రభుత్వం కట్టడాన్ని రెండుగా విడదీసింది. ఒక భాగం మసీదు, ఒక భాగం సినగాగు. ఏడాదిలో పది రోజులు మొత్తం కట్టడం ముస్లింలకే, మరో పది రోజులు యూదులకే తెరుస్తారు. సెటిలర్ చేసిన హత్యాకాండ తర్వాత ఆంక్షలు పాలస్తీనీల మీదే పడ్డాయి. పాతబస్తీకి వెన్నెముక లాంటి షుహదా వీధిలో పాలస్తీనీల వాహనాలు ఆగిపోయాయి.

1997 జనవరిలో ఇజ్రాయెల్, పాలస్తీనా విమోచన సంస్థ హెబ్రాన్ ఒప్పందం కుదుర్చుకున్నాయి. నగరంలో సుమారు 80 శాతం హెచ్-1 పేరుతో పాలస్తీనా పాలన కిందికి వెళ్లింది. పాతబస్తీ, మసీదు, సెటిల్‌మెంట్లు ఉన్న మిగతా 20 శాతం హెచ్-2గా ఇజ్రాయెల్ సైన్యం చేతిలోనే మిగిలింది. హెచ్-2లో ముప్పై వేలకు పైగా పాలస్తీనీలు, వారి మధ్యలో కొన్ని వందల మంది సెటిలర్లు ఉంటారు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లవారైనా సెటిలర్‌కు వర్తించేది ఇజ్రాయెల్ పౌర చట్టం, పాలస్తీనీకి వర్తించేది సైనిక చట్టం.

2000లో మొదలైన రెండో ఇంతిఫాదా, అంటే పాలస్తీనీల తిరుగుబాటు, ఈ విభజన గీతను గోడగా మార్చింది. 2001లో ఎదుటి కొండ మీది నుంచి ఒక పాలస్తీనీ కాల్చిన తూటాకు పది నెలల యూదు పసిపాప బలైంది. 2002 నవంబరులో కిర్యాత్ అర్బా దారిలో జరిగిన దాడిలో 12 మంది ఇజ్రాయెలీ సైనికులు, భద్రతా సిబ్బంది మరణించారు. ఇంతిఫాదా తొలి మూడేళ్లలో హెచ్-2 నడిబొడ్డున 377 రోజులకు పైగా కర్ఫ్యూ విధించినట్లు ఇజ్రాయెలీ మానవ హక్కుల సంస్థ బెత్సెలెమ్ లెక్కగట్టింది. అందులో 182 రోజులు ఏకధాటిగా సాగింది. సరుకులు తెచ్చుకోవడానికి మధ్యలో కాసేపు సడలించేవారు. షుహదా వీధిలోని చాలా భాగంలో పాలస్తీనీలు కాలినడకన వెళ్లడం కూడా నిషిద్ధమైంది. బెత్సెలెమ్, మరో ఇజ్రాయెలీ సంస్థ కలిసి 2006 చివర్లో ఇంటింటి సర్వే చేశాయి. నగర కేంద్రంలో 1,014 పాలస్తీనీ ఇళ్లు ఖాళీ అయ్యాయనీ, 1,829 దుకాణాలు మూతపడ్డాయనీ తేలింది. అంటే పది ఇళ్లలో నాలుగు, పది దుకాణాల్లో ఏడుకు మించి.

చెక్‌పోస్టు లోపల

హెచ్-2లో సిబ్బంది ఉన్న చెక్‌పోస్టులు, ఇనుప గేట్లు, సిమెంటు దిమ్మెలు, ముళ్లకంచెలు కలిపి వందకు పైగా అడ్డంకులున్నాయని ఐక్యరాజ్యసమితి మానవతా కార్యాలయం నమోదు చేసింది. వాటిలో ఎక్కువగా వార్తలకెక్కింది బాబ్ అల్-జావియా కూడలి నుంచి షుహదా వీధిలోకి దారితీసే 56వ నంబరు చెక్‌పోస్టు.

దీనికి ఒకవైపు హెచ్-1. పండ్ల బండ్లు, షేర్ టాక్సీల కేకలు, మొబైల్ దుకాణాలు. పదడుగులు వేస్తే రోడ్డుకు అడ్డంగా నిలిపిన గది. మనిషి ఒక్కడే పట్టే ఇనుప తిరుగుడు గేటు. లోపలున్న సైనికుడు మీట నొక్కితేనే అది కదులుతుంది. గేటు తర్వాత మెటల్ డిటెక్టర్. బెల్టు, తాళంచెవులు, నాణేలు తీసి పక్కన పెట్టాలి. అది కూస్తే వెనక్కి వచ్చి మళ్లీ నడవాలి. అద్దం అవతలి సైనికుడికి గుర్తింపు కార్డు చూపాలి. చివర మరో తిరుగుడు గేటు. అది దాటి బయట అడుగుపెడితే షుహదా వీధి. వెల్డింగ్ చేసిన పచ్చ తలుపులు వరుసగా కనిపిస్తాయి, మనుషుల అలికిడి ఉండదు. సందడికీ నిశ్శబ్దానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క గదే.

గేటు దాటడానికి రెండు నిమిషాలు పట్టవచ్చు, రెండు గంటలూ పట్టవచ్చు. ఎంత పడుతుందో ముందుగా తెలియకపోవడమే అక్కడివారికి పెద్ద ఇబ్బంది. 2015 చివర్లో కత్తిపోట్ల ఘటనలు, కాల్పులు పెరిగినప్పుడు సైన్యం తెల్ రుమైదాను మూసిన సైనిక ప్రాంతంగా ప్రకటించి, అక్కడి పాలస్తీనీ నివాసులకు నంబర్లు ఇచ్చింది. జాబితాలో నంబరు ఉన్నవారికే ప్రవేశం. చుట్టాలు, మిత్రులు, మరమ్మతు పనివారు బయటే ఆగిపోయారు. కూతురి పెళ్లిచూపులకు వచ్చేవారికి కూడా లోపలికి దారి లేదు.

పరిశీలన అనే ఆలోచన

గొడవ జరిగే చోట మూడో మనిషి నిరాయుధంగా నిలబడితే చేయెత్తేవాడు ఒక్క క్షణం ఆగుతాడన్న నమ్మకం ఈ పనికి పునాది. దీనికి భారతదేశంతోనూ, అందులో తెలుగునేలతోనూ ఒక సంబంధం ఉంది. 1951 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూదానానికి శ్రీకారం చుట్టిన వినోబా భావే, పాదయాత్ర సాగిస్తూ 1957లో శాంతిసేనను స్థాపించాడు. అల్లర్ల మధ్య ఆయుధం లేకుండా నిలబడే కార్యకర్తల దళం అది. ఆ సేనను నడిపిన నారాయణ్ దేశాయి, 1981లో కెనడాలో పీస్ బ్రిగేడ్స్ ఇంటర్నేషనల్ పుట్టినప్పుడు దాని వ్యవస్థాపకుల్లో ఒకడు. ప్రాణభయం ఉన్నవారి వెంట విదేశీ స్వచ్ఛంద కార్యకర్తలు తోడుగా నడిచే పద్ధతిని ఆ సంస్థ మధ్య అమెరికాలో ప్రచారంలోకి తెచ్చింది. హెబ్రాన్‌కు వచ్చిన చర్చి బృందాలదీ దాదాపు ఇదే పద్ధతి.

నగరం మధ్యన గీత గీస్తే అక్కడ పరిశీలకులు నిలబడడం వేరేచోట్లా ఉంది. సైప్రస్ రాజధాని నికోసియాలో 1964 నుంచి ఐక్యరాజ్యసమితి సైనికులే ఆ పని చేస్తున్నారు. అక్కడ గీతకు రెండువైపులా రెండు పాలనలు, మధ్యలో ఐరాస దళం. హెబ్రాన్‌లో ఆక్రమించిన సైన్యమే గేటు కాస్తుంది, పరిశీలకుడు దాని అనుమతితోనో సహనంతోనో పక్కన నిలబడతాడు.

అధికారిక బృందం: టీఐపీహెచ్

హత్యాకాండ తర్వాత 1994 మార్చి 18న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 904వ తీర్మానంలో తాత్కాలిక అంతర్జాతీయ ఉనికి కావాలని కోరింది. ఆ ప్రకారం నార్వే, డెన్మార్క్, ఇటలీ పరిశీలకులు మే నుంచి ఆగస్టు వరకు మూడు నెలలు పనిచేసి వెళ్లారు. 1996లో నార్వే ఒక్కటే మళ్లీ వచ్చింది. 1997 ఒప్పందం తర్వాత నార్వే నేతృత్వంలో ఇటలీ, డెన్మార్క్, స్వీడన్, స్విట్జర్లాండ్, టర్కీ కలిసి ఫిబ్రవరి 1 నుంచి పరిశీలకులను దింపాయి. హెబ్రాన్ తాత్కాలిక అంతర్జాతీయ ఉనికి అని అర్థమిచ్చే ఆంగ్ల పొడి అక్షరాలతో దీన్ని టీఐపీహెచ్ అని పిలిచేవారు.

ఒప్పందం ప్రకారం 180 మంది వరకు ఉండవచ్చు. పోలీసులు, సైనికాధికారులు, న్యాయవాదులు, అరబ్బీ లేదా హీబ్రూ తెలిసినవారు ఇందులో ఉండేవారు. యూనిఫాం ఉండేది, ఆయుధం ఉండేది కాదు. పాతబస్తీ సందుల్లో కాలినడకన, తక్కినచోట్ల తెల్ల వాహనాల్లో గస్తీ తిరిగేవారు. చూసింది నివేదికగా రాసి ఇజ్రాయెల్‌కు, పాలస్తీనా పక్షానికి, ఆరు సభ్యదేశాలకు ఇచ్చేవారు. ఆ నివేదికలు రహస్యం. ఊరివాడు చూపించిన విరిగిన తలుపు గురించి పరిశీలకుడు ఏం రాశాడో ఊరివాడికి తెలిసేది కాదు.

ఈ పనిలో ప్రాణాలూ పోయాయి. 2002 మార్చి 26న హెబ్రాన్ సమీపంలోని రహదారి మీద పాలస్తీనీ సాయుధుడు జరిపిన కాల్పుల్లో టర్కీకి చెందిన ఒకరు, స్విట్జర్లాండ్‌కు చెందిన ఒకరు మరణించారు. డెన్మార్క్ పత్రిక ప్రచురించిన ముహమ్మద్ ప్రవక్త కార్టూన్ల మీద కోపంతో 2006 ఫిబ్రవరిలో పాలస్తీనీల గుంపు బృందం కార్యాలయాన్ని ముట్టడించింది. సిబ్బంది కొంతకాలం ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చింది.

స్వచ్ఛంద బృందాలు

క్రిస్టియన్ పీస్‌మేకర్ టీమ్స్. మెన్నొనైట్, బ్రెదరన్, క్వేకర్ చర్చిల నుంచి 1986లో పుట్టిన సంస్థ. 1995 జూన్ నుంచి హెబ్రాన్ పాతబస్తీలో మకాం పెట్టింది. ఎర్ర టోపీలు వీరి గుర్తు. బజారులోనే అద్దె ఇంట్లో ఉండడం, అక్కడే కూరలు కొనుక్కోవడం వల్ల దుకాణదారులతో చనువు పెరిగింది. ఏదైనా జరిగితే ముందు వీరి తలుపే తట్టేవారు. సంస్థ 2022లో కమ్యూనిటీ పీస్‌మేకర్ టీమ్స్‌గా పేరు మార్చుకుంది.

ప్రపంచ చర్చిల మండలి తోడు కార్యక్రమం. జెరూసలేం చర్చి పెద్దల కోరిక మీద 2002లో మొదలైంది. వివిధ దేశాల స్వచ్ఛంద కార్యకర్తలు సుమారు మూడు నెలలపాటు ఉండి, సొంత దేశానికి వెళ్లి చూసింది చెప్పాలన్నది దీని నియమం. హెబ్రాన్‌తో పాటు బెత్లెహేం, జెరూసలేం గేట్ల దగ్గర కూడా వీరు నిలబడేవారు.

మహ్సోమ్ వాచ్. మహ్సోమ్ అంటే హీబ్రూలో చెక్‌పోస్టు. 2001లో కొందరు ఇజ్రాయెలీ స్త్రీలు ప్రారంభించారు. వీరిలో పెద్ద వయసువారు ఎక్కువ. సైనికులకు తల్లులో నాయనమ్మలో కాదగిన వయసు, వారి భాషే మాట్లాడతారు. విదేశీ కార్యకర్త అడిగితే వినిపించుకోని సైనికుడు వీరిలో ఒకామె అడిగితే కాస్త తడబడేవాడు. గేటు ఎందుకు మూశారో నేరుగా అడిగి, సైన్యంలోని అధికారులకు ఫోన్ చేసి, ఇంటికి వెళ్లాక ఆ రోజు నివేదికను అందరికీ తెరిచి పెట్టేవారు.

బ్రేకింగ్ ద సైలెన్స్. గేటు అవతల నిలబడ్డవారే మాట్లాడడం దీని ప్రత్యేకత. హెబ్రాన్‌లో పనిచేసి వచ్చిన ఇజ్రాయెలీ సైనికులు 2004లో టెల్ అవీవ్‌లో ఫొటో ప్రదర్శన పెట్టి, తాము ఏం చేశామో చెప్పారు. తర్వాత ఇజ్రాయెలీలను, విదేశీయులను హెబ్రాన్ వీధుల్లో తిప్పి చూపించడం మొదలుపెట్టారు.

ఒక ఉదయం పని

పరిశీలకుడి రోజు బడి గంట కంటే ముందే మొదలవుతుంది. పాతబస్తీ దక్షిణపు అంచున సలాయ్‌మె, కైతూన్ చెక్‌పోస్టుల మీదుగా వందలాది పిల్లలు బడికి వెళతారు. ఇద్దరు పరిశీలకులు గేటుకు కొంత దూరంలో, సైనికులకూ పిల్లలకూ కనిపించేలా నిలబడతారు. దాక్కుని చూడడం ఈ పని కాదు. కనిపించడమే సగం పని. ఎంతమంది పిల్లలు దాటారు, ఎంతమంది ఉపాధ్యాయులు, ఎవరి సంచి విప్పించారు, ఎవరిని ఎంతసేపు ఆపారు, ఇవన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కుతాయి. కొన్ని ఉదయాలు అంకెలతోనే ముగుస్తాయి. మరికొన్ని ఉదయాల్లో ఎవరో కుర్రాడు రాయి విసురుతాడు, సైనికులు బాష్పవాయువు వదులుతారు. అప్పుడు గుండ్ల లెక్క రాయాలి, పడిన చోటు రాయాలి, కళ్లు మండుతున్న చిన్నపిల్లలను పక్కసందులోకి నడిపించాలి.

షుహదా వీధిలో బైత్ హదస్సాకు ఎదురుగా మెట్లెక్కితే కుర్తుబా బడి వస్తుంది. అక్కడి పిల్లలను సెటిలర్ల పిల్లలు, పెద్దలు తిట్టడం, రాళ్లు వేయడం ఏళ్ల తరబడి సాగింది. విదేశీ కార్యకర్తలు ఆ మెట్ల దగ్గర రోజూ కాపు కాయడం మొదలుపెట్టారు. ఆ రాళ్లు కొన్నిసార్లు వారికీ తగిలాయి.

రాతలో క్రమశిక్షణ ఎక్కువ. తాను కళ్లారా చూసింది ఒకచోట, ఇతరులు చెప్పింది మరోచోట రాయాలి. సమయం, చోటు, ఎంతమంది, ఏం జరిగింది అన్నవే కావాలి. అలాంటి వందల ఉదయాల కాగితాలు కలిస్తేనే ఒక చెక్‌పోస్టు స్వభావం తెలుస్తుంది. పరీక్షల రోజుల్లో ఆపడాలు పెరిగాయా, యూదు పండుగలప్పుడు గేటు ఎన్ని గంటలు మూశారు అన్న ప్రశ్నలకు జవాబు ఆ వరుసలోనే దొరుకుతుంది.

గీత మీద కాపురం

చెక్‌పోస్టు ప్రభావం గేటు దగ్గరే ఆగదు. హెచ్-2లో చాలా వీధుల్లోకి పాలస్తీనీల వాహనాలు రాకూడదు కాబట్టి గ్యాస్ సిలిండర్, పిండి బస్తా, ఫ్రిజ్ అన్నీ తోపుడుబండి మీదో గాడిద మీదో భుజం మీదో రావాలి. అంబులెన్సుకు ముందస్తు అనుమతి కావాలి. షుహదా వీధి వైపు వీధితలుపు వెల్డింగ్ అయిపోయిన ఇళ్లవారు వెనక కిటికీ నుంచో, పక్కింటి డాబా మీది నుంచో నిచ్చెన వేసుకుని దిగేవారు.

పాతబజారులో కొన్ని సందుల మీద తలపైన ఇనుప వల కనిపిస్తుంది. పై అంతస్తుల్లో ఉండే సెటిలర్లు విసిరే చెత్త, సీసాలు, రాళ్లు కింది దుకాణదారుల మీద పడకుండా కట్టిన వల అది. చెత్తను ఆపుతుంది గానీ మురికినీళ్లను ఆపలేదు. వల కిందే గాజు గాజులు, కుట్టుపని దుస్తులు, మసాలాలు అమ్ముతారు.

అయినా ఊరు చచ్చిపోలేదు. 1996లో ఏర్పాటైన హెబ్రాన్ పునరుద్ధరణ కమిటీ పాత రాతి ఇళ్లను బాగుచేసి కుటుంబాలను తిరిగి తెచ్చింది. ఆ పనికి 1998లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది. 2017 జూలైలో యునెస్కో పాతబస్తీని ప్రపంచ వారసత్వ జాబితాలోనూ, ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలోనూ ఒకేసారి చేర్చింది. ఇజ్రాయెల్ దీన్ని తీవ్రంగా ఖండించింది. మసీదు దగ్గర ఇబ్రాహీం ప్రవక్త పేరిట నడిచే ఉచిత వంటశాల ముందు రంజాన్ నెలలో గిన్నెలు పట్టుకుని జనం బారులు తీరుతారు. అతిథిని ఆకలితో పంపని ప్రవక్త ఊరు కాబట్టి అల్-ఖలీల్‌లో ఎవరూ పస్తుండరని అక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. ఆ వరుసలో నిలబడాలన్నా చాలామందికి ముందు చెక్‌పోస్టు వరుస దాటాలి.

కెమెరా స్థానికుల చేతికి

2007లో బెత్సెలెమ్ పాలస్తీనీ కుటుంబాలకు చిన్న వీడియో కెమెరాలు ఇచ్చి, తీయడం నేర్పింది. ఆ ఏడాది మొదట్లోనే తెల్ రుమైదాలో ఒక సెటిలర్ స్త్రీ, వలతో కప్పుకున్న తమ వసారాలో ఉన్న పాలస్తీనీ కుటుంబాన్ని బూతులు తిట్టిన దృశ్యం ఇజ్రాయెల్ టీవీలో ప్రసారమై దుమారం రేపింది. ఆ తిట్ల గురించి పరిశీలకులు ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. చదివి కదలనివారు చూసి కదిలారు.

2016 మార్చి 24న తెల్ రుమైదాలో ఇద్దరు పాలస్తీనీలు ఒక సైనికుణ్ని కత్తితో పొడిచారు. సైనికులు కాల్చగా ఒకడు చనిపోయాడు, రెండోవాడు గాయపడి కదల్లేక రోడ్డు మీద పడి ఉన్నాడు. కొన్ని నిమిషాల తర్వాత ఎలోర్ అజారియా అనే సైనికుడు అతని తలలోకి కాల్చాడు. అదే పేటలో ఉండే బెత్సెలెమ్ స్వచ్ఛంద కార్యకర్త ఒకరు దాన్ని చిత్రీకరించారు. ఆ వీడియో బయటికి వచ్చాక విచారణ జరిగింది. 2017లో సైనిక న్యాయస్థానం అజారియాను నరహత్య నేరానికి దోషిగా తేల్చి 18 నెలల శిక్ష వేసింది. అది 14 నెలలకు తగ్గి, చివరికి తొమ్మిది నెలల జైలుతో ముగిసింది. వీడియో తీసిన కుటుంబానికి బెదిరింపులు వచ్చాయి. విదేశీ పరిశీలకుడు మూడు నెలలకు విమానం ఎక్కుతాడు. కెమెరా పట్టిన స్థానికుడు మర్నాడు పొద్దున్నే అదే గేటులో అదే సైనికులకు కార్డు చూపాలి.

విమర్శలు

పరిశీలకుల మీద విమర్శలు అన్ని వైపుల నుంచీ వచ్చాయి. వీరు తటస్థులు కారనీ, పాలస్తీనీల హింసను చూడరనీ, ఉన్న గొడవను పెంచుతారనీ సెటిలర్లు, ఇజ్రాయెల్ ప్రభుత్వం ఆరోపించాయి. 2018లో టీఐపీహెచ్ సిబ్బందిలో ఒకరు పదేళ్ల యూదు బాలుణ్ని చెంపదెబ్బ కొట్టడం, మరొకరు సెటిలర్ కారు టైర్లకు గాటుపెట్టడం బయటపడి ఆ ఆరోపణలకు బలమిచ్చాయి. చర్చి బృందాల వారిలో కొందరికి విమానాశ్రయంలోనే ప్రవేశం నిరాకరించారు.

పాలస్తీనీల నిరాశ వేరే రకం. ఇన్నేళ్లు రాసుకున్నారు, గేట్లు ఎందుకు తగ్గలేదని వారి ప్రశ్న. తాత్కాలికమన్న బృందం 22 ఏళ్లు ఉంది. ఆ కాలంలో అడ్డంకులు పెరిగాయే గానీ తరగలేదు. మహ్సోమ్ వాచ్ స్త్రీల మధ్య కూడా ఒక వాదన నడిచింది. తాము పక్కన నిలబడి వరుస కాస్త వేగంగా కదిలేలా చూస్తే, ఉండకూడని చెక్‌పోస్టుకు మర్యాద తెచ్చిపెట్టినట్లు కాదా అని కొందరన్నారు. ఈ పూట జ్వరంతో ఉన్న బిడ్డ ఆసుపత్రికి చేరితే అదే చాలని మరికొందరన్నారు. ఈ వాదన తేలలేదు.

2019 తర్వాత

టీఐపీహెచ్ తన ఇరవై ఏళ్ల పని మీద తయారుచేసిన రహస్య నివేదిక 2018 డిసెంబరులో ఇజ్రాయెలీ పత్రిక హారెట్జ్ చేతికి చిక్కింది. 40,000కు పైగా ఘటనల నమోదుల ఆధారంగా రాసిన ఆ నివేదిక, హెబ్రాన్‌లో ఇజ్రాయెల్ అంతర్జాతీయ చట్టాన్ని తరచూ, తీవ్రంగా ఉల్లంఘిస్తోందని తేల్చింది. 2019 జనవరి 28న ప్రధాని బెంజమిన్ నెతన్యాహు బృందం గడువు పొడిగించబోమని ప్రకటించాడు. తమకు వ్యతిరేకంగా పనిచేసే అంతర్జాతీయ దళాన్ని ఉండనివ్వబోమన్నది ఆయన వాదన. జనవరి 31తో టీఐపీహెచ్ కథ ముగిసింది. విచారం ప్రకటిస్తూ కువైట్, ఇండోనేషియా భద్రతా మండలిలో తెచ్చిన ముసాయిదాను అమెరికా అడ్డుకుంది. ఆ జనవరిలోనే ప్రపంచ చర్చిల మండలి కూడా, సెటిలర్ల వేధింపులు పెరిగాయంటూ భద్రతా కారణాలతో తన కార్యకర్తలను హెబ్రాన్ నుంచి వెనక్కి పిలిచింది. బడి మెట్ల దగ్గర నిలబడే విదేశీయుల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. వారి స్థానంలో స్థానిక యువకులు గుర్తింపు చొక్కాలు తొడుక్కుని పిల్లల వెంట నడవడం మొదలుపెట్టారు.

2023 అక్టోబరు 7న హమాస్ దాడి, ఆపై గాజా యుద్ధం తర్వాత హెచ్-2లోని అనేక పేటల్లో మళ్లీ వారాల తరబడి కర్ఫ్యూ విధించారు. వారంలో కొన్ని రోజులు, అదీ కొన్ని గంటలే ఇల్లు కదలనిచ్చారు. ఆ రోజుల్లో వీధిలో ఏం జరిగిందో చూడగలిగింది కిటికీ వెనక ఉన్నవారే.

యంత్రాల చూపు

మనుషుల చూపు తగ్గుతున్న కాలంలోనే యంత్రాల చూపు పెరిగింది. సైనికులు పాలస్తీనీల ముఖాలను ఫోన్‌తో ఫొటో తీసి బ్లూ వుల్ఫ్ అనే వ్యవస్థలోకి ఎక్కిస్తున్నారనీ, ఎక్కువ ఫొటోలు తీసిన దళానికి బహుమతులు కూడా ఇచ్చారనీ 2021 నవంబరులో వాషింగ్టన్ పోస్ట్ రాసింది. చెక్‌పోస్టులోనే ముఖాన్ని గుర్తించి దాటనివ్వాలో వద్దో సూచించే రెడ్ వుల్ఫ్ అనే వ్యవస్థ గురించి 2023 మేలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వెల్లడించింది. ముఖం జాబితాలో లేకపోతే, అడగకుండానే చేర్చుకుంటుంది. 2022లో 56వ నంబరు చెక్‌పోస్టు మీద దూరం నుంచి నడిపే ఆయుధాన్ని కూడా అమర్చారు. అది బాష్పవాయువు, స్పాంజి తూటాలు వదలడానికి ఉద్దేశించినదని సైన్యం చెప్పింది.

దీంతో పరిశీలన అన్న మాటకే అర్థం తిరగబడింది. ఎర్ర టోపీ పెట్టుకున్న కార్యకర్త గేటు దగ్గర నిలబడి సైన్యం ఏం చేస్తోందో రాసేవాడు. ఇప్పుడు గేటే దాటేవాడి గురించి రాసుకుంటోంది. ఆ రాత పాలస్తీనీకి కనిపించదు. కనిపించని రాతలు అతనికి కొత్తేమీ కావు, ఇరవై రెండేళ్లు తన ఊరి గురించి ఆరు దేశాలవారు రాసిన కాగితాలూ అతను చూడలేదు. హెబ్రాన్‌లో లోకాన్ని కదిలించినవి రెండే రకాల నమోదులు. మహ్సోమ్ వాచ్ నివేదికల్లా రాసిన రోజే అందరి ముందూ పరిచినవి ఒకటి, తెల్ రుమైదా వసారా నుంచో కిటికీ నుంచో తీసిన వీడియోలు రెండోది. సలాయ్‌మె గేటు దగ్గర పొద్దున్నే పిల్లల్ని దాటించే స్థానిక కార్యకర్త ఒక చేత్తో సంచి అందిస్తూ, రెండో చేత్తో ఫోన్ ఎత్తి పట్టుకుంటాడు. గేటు మీది కెమెరా అతణ్ని చూస్తుంది, అతని ఫోన్ గేటును చూస్తుంది.